మా పొలంలో వరద కట్ట ఉంది: నీటిమట్టం పెంచుకోవచ్చా? చెట్లు ఉంచొచ్చా? బాధ్యత ఎవరిది?

ఎల్లిస్_పొలం | వాక్సహాచీ, టెక్సాస్

అందరికీ నమస్కారం. డల్లాస్‌కు దక్షిణాన ఎల్లిస్ కౌంటీలో 62 ఎకరాలు కొన్నాం. నల్లరేగడి, ఎక్కువగా పశువుల గడ్డి, మధ్యలో చిన్న వాగు. ఆ వాగుకు అడ్డంగా మట్టికట్ట ఉంది. ఎత్తు సుమారు 25 అడుగులు, పొడవు 900 అడుగుల పైనే. లోపల 18 ఎకరాల చెరువు. లోపలివైపు నీళ్ళలో కాంక్రీటు గూడు ఒకటి నిలబడి ఉంది, పైన ఇనుప చువ్వలు. దాని అడుగునుంచి పైపు కట్ట అవతల వాగులోకి తేలుతుంది. కట్ట ఎడమ చివర గడ్డి మొలిచిన వెడల్పాటి దారిలా తవ్వి ఉంది, చెరువు మట్టానికి చాలా ఎత్తులో. కట్ట వెనక వాలు మీద మెస్కీట్, విల్లో చెట్లు బాగా పెరిగాయి.

అమ్మినతను "చేపల చెరువు" అన్నాడు. పక్క పొలం పెద్దాయన మాత్రం ఇది 1950ల చివర్లో గవర్నమెంటు సాయంతో కట్టిన వరద కట్ట అంటున్నాడు. కొన్న కాగితాల్లో ఈజ్‌మెంట్ (మన నేల మీద వేరేవాళ్ళకు ఉండే హక్కు) అని ఒక పేజీ ఉంది.

నేను అడగదలచుకున్నవి: ఆ గూడుకున్న రంధ్రం మూసేసి నీళ్ళు నాలుగడుగులు పెంచుకోవచ్చా? నీటి ఒడ్డున ఇల్లు కట్టుకోవాలని మా ఆవిడ కోరిక, కుదురుతుందా? చెట్లు నీడకు బాగున్నాయి, ఉంచొచ్చా? రేపు ఏదైనా అయితే ఎవరు చూడాలి?

కరకట్ట | ఫోర్ట్‌వర్త్

మట్టి, పునాదుల ఇంజినీరుని. ముందు ఒకే మాట: ఆ రంధ్రం మూయకండి. గోనెసంచి, చెక్క, ఏదీ అడ్డం పెట్టకండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీ పక్కాయన చెప్పింది నిజమే అయ్యుండాలి. మీ వైపు ఛాంబర్స్ క్రీక్ పరీవాహకంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. 1944 వరద నియంత్రణ చట్టం కింద దేశంలో 11 పరీవాహకాలు ఎంచుకున్నారు, వాటిలో ట్రినిటీ నది ఒకటి. తర్వాత 1954లో చిన్న పరీవాహకాల చట్టం వచ్చి మిగతా చోట్లకూ పాకింది. ఇప్పుడు ఎన్ఆర్‌సీఎస్ అంటున్న కేంద్ర వ్యవసాయ శాఖ సంస్థ, అప్పట్లో సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్, డిజైన్ చేసి కట్టించింది. దేశం మొత్తంలో 11,800 పైచిలుకు. టెక్సాస్‌లోనే రెండు వేల దాకా. కేంద్రం కట్టించిందే కానీ సొంతం చేసుకోలేదు. నేల రైతుది, కట్ట నేలతోపాటే ఉంది, నిర్వహణ స్థానిక స్పాన్సర్లు, అంటే కౌంటీ, నీటి జిల్లా లాంటి సంస్థలు, ఒప్పుకున్నారు.

మీరు చెప్పిన కాంక్రీటు గూడే మన తూము. ఎడమ చివరి గడ్డి దారి అలుగు, ఎక్కువైన నీరు పొర్లిపోయే దారి. రెండూ మీ చేపల కోసం పెట్టినవి కావు.

మత్తడి_దూకె | వరంగల్ (ఇప్పుడు ఇర్వింగ్)

నాకు ఒక్కటి అర్థం కాలే అన్నా. 25 అడుగుల కట్ట కట్టుకొని సగానికన్న తక్కువ నీళ్ళు ఉంచుడేంది? మా దిక్కు చెరువు నిండాలె, మత్తడి (అలుగు) దూకాలె, అప్పుడే ఊరికి పండుగ. మత్తడి దూకిననాడు బతుకమ్మ లెక్క జనం కట్టమీదికి పోతరు. రామప్ప, పాకాల, లక్నవరం, కాకతీయుల నాటి నుంచి మనది నీళ్ళు ఆపే విద్య. ఇక్కడ ఎండకాలం బోర్లు ఎండుతున్నయి, గడ్డి ఎండుతున్నది. వచ్చిన నీళ్ళను పైపులకెల్లి ఇడిసిపెట్టుడు పాపం కాదా? నాలుగడుగులు పెంచుకుంటే ఎవరికి నష్టం?

కరకట్ట | ఫోర్ట్‌వర్త్

తమ్ముడూ, మన చెరువు పంట కోసం. నిండితేనే దాని పని అయినట్టు. ఈ కట్ట పని వేరు: ఇది ఖాళీగా ఉండాలి. చెరువు నీళ్ళ పైనుంచి అలుగు మట్టం దాకా ఉన్న ఖాళీ చోటే అసలు కట్టడం, అడుగున కనిపించే 18 ఎకరాల నీళ్ళు కావు. ఆ అడుగు భాగాన్ని డిజైన్‌లో పూడిక కోసం వదిలారు, యాభై ఏళ్ళ ఒండ్రు పట్టేలా.

లెక్క చెబుతాను. ఈ కట్టకు పైన రెండు చదరపు మైళ్ళ పరీవాహకం ఉందనుకుందాం, అంటే 1,280 ఎకరాలు. మే నెలలో ఇక్కడ ఒక్కోసారి ఒక్క రాత్రే ఏడెనిమిది అంగుళాల వాన పడుతుంది. అందులో 5 అంగుళాలు పారితే వచ్చే నీరు 533 ఎకరా అడుగులు (ఎకరం మీద అడుగు లోతు నీరు ఒక ఎకరా అడుగు). మన లెక్కలో టీఎంసీలో నలభయ్యో వంతుకంటే కాస్త తక్కువ. వినడానికి చిన్నదే, బరువు చూస్తే ఆరు లక్షల టన్నుల పైన. ఆ నీరు కొన్ని గంటల్లో వెయ్యి క్యూసెక్కులకు పైబడి వస్తుంది. పైపు మాత్రం పాతిక క్యూసెక్కులే వదులుతుంది. అంటే రోజుకు 50 ఎకరా అడుగులు. వచ్చిందంతా పదిరోజుల్లో మెల్లగా దిగిపోతుంది, కింద వాగు గట్లు దాటదు. పదిరోజుల తర్వాత ఖాళీ మళ్ళీ సిద్ధం, వెనకాలే ఇంకో వాన వచ్చినా పడుతుంది.

ఇప్పుడు నాలుగడుగులు పెంచండి. నీటి పరపు 18 ఎకరాల నుంచి 30కి పోతుందనుకుంటే పోయిన ఖాళీ దాదాపు 100 ఎకరా అడుగులు. అయిదో వంతు పోయింది. ఆ అయిదో వంతు నీరు అలుగు మీదుగా దూకుతుంది. అలుగుకు కాంక్రీటు లేదు, ఉత్త గడ్డి. యాభై ఏళ్ళలో ఒకటి రెండుసార్లు పారడానికి చేసిన దాన్ని ప్రతి ఏడూ పారిస్తే గడ్డి లేస్తుంది, కోత మొదలవుతుంది, కోత వెనక్కి పాకి చెరువులోకి వస్తే ఆపే దారి లేదు.

ఇంకో సంగతి. నీళ్ళు పెంచితే పైనున్న పక్క పొలం కూడా మునుగుతుంది. దానికి మీకు హక్కు లేదు.

వాషిటా | క్లింటన్, ఓక్లహోమా

నేను ఇక్కడ ఊరి డాక్టరుని, మాకూ కొంత పొలం ఉంది, పక్కనే ఇలాంటి కట్టలు నాలుగైదు కనబడతాయి. ఇవి ఎందుకు వచ్చాయో కొంచెం రాస్తాను.

1934 ఏప్రిల్‌లో హామన్ అనే ఊరి దగ్గర వాషిటా నది రాత్రికి రాత్రే పొంగి 17 మంది పోయారు. అదే దశకంలో ధూళి తుపాన్లు. దున్నిన నేలంతా గాలికి పోవడం, పడ్డ వాన ఇంకకుండా పారిపోవడం, ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. నది మీద ఒక్క పెద్ద ఆనకట్ట కట్టేస్తే చాలదని, వాన పడ్డ చోటే పాయపాయకూ చిన్న కట్ట వేయాలని ఇక్కడి రైతులు పట్టుబట్టారు. 1948 జూలై 8న కార్డెల్ దగ్గర క్లౌడ్ క్రీక్ మీద దేశంలోనే మొదటిది పూర్తయింది. ఇప్పుడు ఓక్లహోమాలో 2,107.

నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించేది ఒకటుంది. చాలామంది రైతులు కట్టకు, మునకకు నేల ఉచితంగా రాసిచ్చారు. కింద ఎక్కడో ఉన్న ఊళ్ళ కోసం తమ మంచి అడుగు పొలం వదులుకున్నారు. ఎల్లిస్_పొలం గారూ, మీ కాగితాల్లోని ఆ ఒక్క పేజీ అలాంటి వాళ్ళెవరో చేసిన సంతకం. దయచేసి దాన్ని అడ్డంకిగా చూడొద్దు.

ఎల్లిస్_పొలం | వాక్సహాచీ, టెక్సాస్

కరకట్ట గారూ, వాషిటా గారూ, ధన్యవాదాలు. ఈ కోణం మాకెవరూ చెప్పలేదు. రంధ్రం జోలికి వెళ్ళను. ఈజ్‌మెంట్ పేజీ చదివాను. "నీటిని తాత్కాలికంగా నిలువచేసే హక్కు", "ప్రవేశించే హక్కు", ఒక ఎలివేషన్ అంకె ఉన్నాయి. మేము ఇంటికి అనుకున్న చోటు చెరువు నీటికన్నా తొమ్మిది పదడుగులు పైనుంది, కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను.

దస్తావేజు | ప్లేనో

ఇబ్బంది ఉంటుంది. ఇళ్ళు, నేలల కొనుగోలు కాగితాలు చూడటం నా వృత్తి, అందుకే చెబుతున్నాను.

ఈజ్‌మెంట్ నేలతోపాటు వస్తుంది. ఎన్ని చేతులు మారినా పోదు, మీరు సంతకం చేయకపోయినా మీకు వర్తిస్తుంది. అందులో ఉన్న ఎలివేషన్ అంకె సాధారణంగా అలుగు మట్టమో, కట్ట పైమట్టమో అయి ఉంటుంది. ఆ రేఖకు లోపల ఇల్లు, షెడ్డు, సెప్టిక్ ట్యాంకు, మట్టి నింపడం, ఏదైనా స్పాన్సర్ రాతపూర్వక అనుమతి లేకుండా చేయకూడదు. చెరువు నీటికి పదడుగుల ఎత్తు అన్నారు. మీ అలుగు ఎంత ఎత్తులో ఉందో సర్వేయరుతో కొలిపించండి. వరద ఖాళీ అంతకన్నా పైదాకా ఉంటే ఇల్లు పదేళ్ళు పొడిగా ఉండి ఒక మే నెలలో హాల్లోకి నీళ్ళొస్తాయి.

స్పాన్సర్ ఎవరో కౌంటీలోని సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో చెబుతారు. కొన్నిచోట్ల కౌంటీయే, కొన్నిచోట్ల నీటి నియంత్రణ జిల్లా. కట్టినప్పటి డ్రాయింగులు అడగండి. ఉంటాయి, ఇస్తారు.

అందరికీ ఒక మాట. టెక్సాస్‌లో పొలం కొనేముందు అమ్మేవారు "పాండ్" అన్నారని ఊరుకోవద్దు. ఆర్మీ కోర్ (అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ విభాగం) నడిపే నేషనల్ ఇన్వెంటరీ ఆఫ్ డ్యామ్స్ వెబ్‌సైటులో మ్యాపు తెరిచి ఆ చోటు చూడండి. 90 వేలకు పైగా డ్యాములున్నాయి, సగానికి మించి ప్రైవేటువే. ఉచితం, అయిదు నిమిషాల పని.

నీరుగంటి | అనంతపురం (ప్రస్తుతం ఫ్రిస్కోలో అబ్బాయి దగ్గర)

బాబూ, నేను ఇరిగేషన్‌లో డీఈగా రిటైరైనవాణ్ణి. ధర్మవరం, బుక్కపట్నం చెరువుల కట్టల మీద ఏళ్ళతరబడి నడిచాను. దేశం మారినా మట్టి గుణం మారదు కాబట్టి చెట్ల గురించి నేను చెబుతాను.

కట్ట మీద చెట్టు ఉండకూడదు. నీడ కావాలంటే కట్ట కాలినుంచి, అంటే వాలు నేలను తాకే చోటునుంచి, దూరంగా వేసుకోండి. వేరు తేమ వెతుక్కుంటూ కట్ట లోపలికి పోతుంది. చెట్టు బతికున్నంతకాలం ఒక ప్రమాదం: గాలివానకు కూలితే వేళ్ళతోపాటు బండెడు మట్టిని పెళ్ళగిస్తుంది, అదీ చెరువు నిండుగా ఉన్నరోజే. చచ్చాక ఇంకో ప్రమాదం: వేరు కుళ్ళి గొట్టమవుతుంది, నీటికి దారి. మా దగ్గర సర్కారు తుమ్మ కట్టలను పట్టి పీడించేది. మీ మెస్కీట్ దానికి దాయాదే, అదే పోలిక, అదే లోతు వేరు.

అయితే ఆవేశపడి రేపే గొడ్డలి తీయకండి. మణికట్టు లావు లోపు మొక్కలను నేలమట్టానికి కోయవచ్చు. పెద్దవాటి మొద్దు, ప్రధాన వేళ్ళు తవ్వి తీయాలి, ఆ గుంతను అదే రకం మట్టితో పొరలు పొరలుగా తేమ చూసుకుంటూ దిమ్మిస కొట్టాలి. అది చెరువు తక్కువగా ఉన్న కాలంలో, ఇంజినీరు దగ్గరుండి చేయించే పని. పైన కోసి మొద్దు వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది.

తర్వాత బొరియలు. ఇక్కడ ఏ జంతువులున్నాయో నాకంటే మీకే తెలుసు. లోపలి వాలులో నీటి అంచున ఒక బొరియ, వెనక వాలులో ఒక బొరియ, రెండూ కలవడానికి ఎక్కువ కాలం పట్టదు. గడ్డి పొట్టిగా ఉంటేనే అవి కంటికి కనబడతాయి. గడ్డి కోయడం అందం కోసం కాదు, కట్టను చూడటం కోసం.

కరకట్ట | ఫోర్ట్‌వర్త్

పెద్దాయన చెప్పినదానికి ఇక్కడి జంతువులు కలుపుతాను: బీవర్, న్యూట్రియా, గోఫర్, అడవి పందులు. బీవర్ రెండు రకాలుగా ముంచుతుంది, బొరియ తవ్వడమే కాక తూము గూడుకు కర్రలు, బురద అడ్డం పెట్టి మూసేస్తుంది. ప్రతి పెద్ద వానకు ముందూ తర్వాతా చువ్వల దగ్గర చెత్త తీయాలి. నీళ్ళు సుడి తిరుగుతున్నప్పుడు మాత్రం ఎవరూ దగ్గరికి పోవద్దు, పైపు లాగేస్తుంది.

నల్లరేగడి గురించి కూడా. ఎండకు నోళ్ళు తెరిచే నేల ఇది, మన కర్నూలు నేలలాగే. 2011 లాంటి కరువు ఏడాదిలో కట్ట పైభాగం చీలి, పగుళ్ళు అడుగుల లోతుకు పోతాయి. కరువు తర్వాత వచ్చే మొదటి పెద్ద వరద అందుకే భయం. నీరు ఎప్పుడూ చూడని పై పొరలను ఆ రోజు తాకుతుంది. అడ్డంగా, అంటే చెరువు వైపునుంచి బయటివైపుకు పోయే పగులు కనిపిస్తే వెంటనే చెప్పాలి. కట్ట వెంబడి నిలువుగా, విల్లులా వంగి ఉంటే అది వాలు జారడానికి సిద్ధమవుతున్న గుర్తు. నల్లరేగడి కట్టలు కట్టిన కొన్ని దశాబ్దాలకు ఇలా పైపొర జారడం మేము తరచూ చూస్తుంటాం.

కొత్తకాపు | కాఫ్‌మన్ కౌంటీ, టెక్సాస్

అందరూ భయపెడుతున్నారు. నాకు 30 ఎకరాలు, ఒక చిన్న కట్ట. రాష్ట్రం వాళ్ళెవరూ ఇంతవరకు రాలేదు. 2013లో చట్టం మార్చి చిన్న ప్రైవేటు కట్టలకు మినహాయింపు ఇచ్చారు. మన సొంత నేలలో మన కట్ట. ఇంత ఆలోచిస్తే పొలం ఎందుకు కొనడం?

దస్తావేజు | ప్లేనో

మినహాయింపు ఉన్నమాట నిజమే, దాని హద్దులు చూడండి. ప్రైవేటు నేలలో ఉండాలి, గరిష్ఠ నిల్వ 500 ఎకరా అడుగుల లోపు ఉండాలి, కౌంటీ జనాభా 3,50,000 లోపు, నగర పరిధి బయట, ప్రమాద తరగతి "హై" కాకూడదు. ఇవన్నీ కలిస్తేనే. మినహాయింపు వచ్చేది తనిఖీలు, డిజైన్ ప్రమాణాల నుంచి. కట్టను బాగా ఉంచాల్సిన బాధ్యత మీద కాదు. కింద ఎవరికైనా నష్టం జరిగితే కోర్టులో జవాబు చెప్పాల్సింది యజమానే. మీ ఇంటి ఇన్సూరెన్సు దీన్ని కవర్ చేస్తుందో లేదో ఏజెంటు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రమాద తరగతి అంటే కట్ట బలహీనంగా ఉందని కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. కట్ట తెగితే కింద ఏమవుతుందన్నదాన్ని బట్టి ఇస్తారు. టెక్సాస్ నిబంధనల్లో కింద మూడు లేదా అంతకు మించి నివాసాలు దెబ్బతినే పరిస్థితి ఉంటే "హై". అంటే మీరు ఒక్క పార మట్టి కదపకపోయినా, కింద పొలంలో ఎవరో మూడిళ్ళు కడితే మీ కట్ట తరగతి మారిపోతుంది. ఈ రోజు మినహాయింపు ఉంది, రేపు ఉండకపోవచ్చు.

చెయ్యేటి_గట్టు | రాజంపేట (ఇప్పుడు ఆస్టిన్)

కొత్తకాపన్నా, కోపం చేసుకోవద్దు. మాది చెయ్యేటి ఒడ్డు ఊరు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ముందు పైన పింఛ కట్ట తెగింది, ఆ నీళ్ళూ కలిసి వచ్చినాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, ఇండ్లకు ఇండ్లే లేవు. కార్తీక మాసం, శివుని గుడికని పోయినోళ్ళు తిరిగి రాలేదు. మా చిన్నాయన వాళ్ళ పొలంలో ఇసుక మనిషెత్తు మేట వేసింది.

అది పెద్ద ప్రాజెక్టు, మీది చిన్నది, ఒకటి కాదని తెలుసు. కానీ మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే జరిగేది ఎక్కడైనా అదే. కాంక్రీటు కట్ట పొర్లితే నిలబడొచ్చు. మట్టి నిలబడదు, గంటల్లో కరిగి పోతాది. మరవ (అలుగు) సరిపోకపోయినా, మరవకు ఏదన్నా అడ్డమున్నా నీరు కట్ట పైకే వస్తాది.

సొంత నేల అన్నావు. నీళ్ళు నీ నేలలో ఆగినంతసేపే అది సొంతం, అన్నా. కంచె దాటినాక కింద నిద్రపోయేటోళ్ళ ఇంట్లోకి పోతాది. మా ఊరోళ్ళకు ఆ కట్ట మంచిచెడ్డలు ఎవరూ చెప్పలేదు. నీకు చెప్పేవాళ్ళు ఉండారు, విను.

కరకట్ట | ఫోర్ట్‌వర్త్

చెయ్యేటి_గట్టు గారు చెప్పినది అక్షరాలా నిజం. ఈ దేశంలోనూ ఉంది. హవాయిలో కవాయి ద్వీపంలో కాలోకో అనే ప్రైవేటు మట్టికట్ట 2006 మార్చి 14న తెగి ఏడుగురు చనిపోయారు. అది చెరుకు తోటల కోసం కట్టిన పాత జలాశయం. అలుగును మట్టితో పూడ్చేశారన్నది ఆ కేసులో ప్రధాన విషయం. 1977 నవంబర్‌లో జార్జియాలోని టొకోవాలో కెల్లీ బార్న్స్ కట్ట, 39 మంది. 2015 మేలో మన మిడ్లోతియన్ దగ్గర పడేరా లేక్ కట్ట తెగుతుందేమోనని కింది ఇళ్ళు ఖాళీ చేయించి 287 హైవే మూసిన సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అదీ ఎల్లిస్ కౌంటీయే.

అలుగు దారిలో ఏదీ పెట్టకండి. కంచె, గడ్డి మోపులు, ట్రెయిలర్, పడవ, చెట్లు, రోడ్డు కోసం పోసిన మట్టి, ఏదీ. చాలా పొలాల్లో అలుగు చదునుగా, శుభ్రంగా ఉంటుంది కాబట్టి సామాను అక్కడే పెడతారు.

ఎల్లిస్_పొలం | వాక్సహాచీ, టెక్సాస్

నిన్న కట్టంతా నడిచాను. వెనక కాలి దగ్గర, పైపు తేలే చోటుకు కుడివైపు ఒక గది సైజంత నేల మెత్తగా ఉంది. చుట్టూ ఎండినా అక్కడ గడ్డి పచ్చగా ఉంది, బూటు దిగబడుతోంది. ప్రవాహం కంటికి కనబడటం లేదు. ఇది బుంగా? ఏం చేయాలి? ఇంట్లో అందరికీ కంగారుగా ఉంది.

నీరుగంటి | అనంతపురం (ప్రస్తుతం ఫ్రిస్కోలో అబ్బాయి దగ్గర)

కంగారు వద్దు బాబూ, నిర్లక్ష్యమూ వద్దు. మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది. ఊట లేని కట్ట నేను చూడలేదు. చూడాల్సింది మూడు: నీరు తేటగా ఉందా మురికిగా ఉందా, పెరుగుతోందా, చోటు మారుతోందా.

ఒక చిన్న కాలువ గీసి ఊటను ఒక చోటికి రప్పించండి. గాజు సీసాలో పట్టి కదపకుండా పెట్టండి. అడుగున మన్ను దిగితే కట్ట లోపలి మట్టి బయటికొస్తోందని అర్థం, ఆలస్యం చేయకుండా అప్పుడే ఫోన్ చేయండి. తేటగా ఉంటే బకెట్ నిండడానికి ఎంత సమయం పడుతుందో చూసి, ఆ రోజు చెరువు మట్టంతో కలిపి రాసుకోండి. చెరువు ఎక్కితే ఊట కొంచెం ఎక్కుతుంది, అది సహజం. చెరువు అంతే ఉండి ఊట పెరిగితే అది అనుమానం.

నాలుగు మూలలా కర్రలు పాతండి, తడి చోటు పెరిగిందో లేదో తెలుస్తుంది.

చేయకూడనిది ఒకటుంది. బయటికొచ్చే చోట బంకమట్టి పోసి మూయకండి. నీరు లోపలే ఆగి ఇంకో దారి వెతుక్కుంటుంది. నీటిని రానివ్వాలి, మట్టిని ఆపాలి. అందుకే అవసరమైతే శుభ్రమైన ఇసుక, దాని మీద కంకర వేస్తాం. అది కూడా వచ్చి చూసినవాళ్ళు చెబితేనే.

కరకట్ట | ఫోర్ట్‌వర్త్

దానితోపాటు: డ్రాయింగుల్లో కాలి దగ్గర ఊట కాలువ, దాని పైపు నోరు ఎక్కడున్నాయో చూడండి. ఆ నోరు పూడిపోయినా ఇలాగే తడి వస్తుంది. రేపే డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేయండి, ఫొటోలు పంపండి. వానలు లేని ఈ వారమే మంచి అదను.

మత్తడి_దూకె | వరంగల్ (ఇప్పుడు ఇర్వింగ్)

కరకట్ట అన్నా, నీ లెక్క నేనే కాగితం మీద ఏసి చూసిన. ఖాళీ జాగకే విలువ అన్నది ఒప్పుకుంటున్న. కానీ ఎండకాలం నీళ్ళ గోస తీరేదెట్ల? కట్ట ముట్టకుండ దారి ఉన్నదా?

కరకట్ట | ఫోర్ట్‌వర్త్

ఉంది. మునక రేఖకు బయట, వాగుకు దూరంగా పశువుల కోసం వేరే కుంట తవ్వుకోవచ్చు. ఇంటివాడకానికి, పశువులకు 200 ఎకరా అడుగుల లోపు నిల్వకు టెక్సాస్‌లో నీటి హక్కు పర్మిట్ అక్కర్లేదు. ఉన్న చెరువులో పూడిక తీయించి లోతు పెంచొచ్చు, అలా చేస్తే వరద ఖాళీ తగ్గదు. మిషన్ కాకతీయలో మీ దగ్గర చేసిన పనే. కాకపోతే స్పాన్సర్ అనుమతి తీసుకుని, కట్ట కాలికి దూరంగా తవ్వాలి. తీసిన మట్టిని మునక రేఖ లోపల పోయకూడదు.

ఎల్లిస్_పొలం | వాక్సహాచీ, టెక్సాస్

కొంచెం ఆలస్యమైంది, క్షమించండి. డిస్ట్రిక్ట్ వాళ్ళు, ఎన్ఆర్‌సీఎస్ టెక్నీషియన్ వచ్చి చూశారు. మా చోటు వాళ్ళ జాబితాలో ఉంది, 1950ల డ్రాయింగులు తీసుకొచ్చారు. సీసాలో నీరు తేటగా ఉంది. పాత డ్రాయింగులో తడి చోటు దగ్గరే ఊట కాలువ పైపు నోరు చూపించారు. తవ్వితే ఇనుప పైపు నోరు పశువుల తొక్కిడికి చితికి మట్టిలో కూరుకుపోయి ఉంది. తెరవగానే సన్నగా, ఆగకుండా నీరు పారింది. నాలుగు రోజుల్లో నేల గట్టిపడింది. ఆ నోరు మార్చి, చుట్టూ రాళ్ళు పేర్చి, పశువులు రాకుండా కంచె వేయాలన్నారు. వారానికోసారి కొలత రాస్తున్నాను.

తూము పైపు మాత్రం పాతబడింది, లోపల కెమెరా పంపి చూస్తామన్నారు. పెద్ద మరమ్మతు కావాల్సి వస్తే 2000 నాటి పునరుద్ధరణ చట్టం కింద 65 శాతం కేంద్రం భరించే వీలుంది, మిగతాది స్పాన్సర్ల వైపునుంచి రావాలి, వరస పెద్దదని చెప్పారు.

చెట్లు చలికాలంలో చెరువు తగ్గాక తీయిస్తారు. కట్ట మీద మేత ఆపేశాం, పశువులు నడిచిన దారుల్లో బెర్ముడా గడ్డి వేస్తున్నాం. ఇంటి చోటు సర్వే చేయిస్తే ఈజ్‌మెంట్ రేఖకు రెండడుగుల లోపలే ఉంది. దస్తావేజు గారికి మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. రోడ్డు వైపు మెరకకు మార్చాం. నీళ్ళు అక్కడినుంచీ కనబడతాయి.

కొత్తకాపు | కాఫ్‌మన్ కౌంటీ, టెక్సాస్

ఇన్వెంటరీ మ్యాపులో చూశాను. మా కట్ట లేదు. కానీ కింద అర మైలు దూరంలో మూడు మొబైల్ హోములు వచ్చి ఉన్నాయి, నేను కొన్నప్పుడు ఒకటే ఉండేది. మా పైపు తుప్పుపట్టిన ముడతల ఇనుప పైపు, పక్కన చిన్న గుంత పడింది. ఎవరికి చెప్పాలి?

కరకట్ట | ఫోర్ట్‌వర్త్

పైపు పక్కన గుంత అంటే పైపు చిల్లుల్లోంచి మట్టి లోపలికి పోతూ ఉండవచ్చు. ఈ చర్చలో మిగతా వాటికంటే ఇది తొందరైన పని. ఈ రోజే టీసీఈక్యూ (టెక్సాస్ రాష్ట్ర పర్యావరణ సంస్థ) డ్యామ్ సేఫ్టీ విభాగానికి ఫోన్ చేయండి, చిన్నదైనా వింటారు. సైఫన్‌తో గానీ పంపుతో గానీ నీరు నెమ్మదిగా దించడం మొదలుపెట్టండి. ఒక్కసారిగా దించితే లోపలి వాలు జారుతుంది, రోజుకు అరడుగు మించొద్దు. ఆ మూడిళ్ళవాళ్ళ ఫోన్ నంబర్లు తీసుకుని, మీ నంబరు వాళ్ళకివ్వండి. గుంత ఫొటో, దాని పక్కన స్కేలు పెట్టి, నాకు విడిగా పంపండి. శనివారం నేను అటు వస్తున్నాను, వచ్చి చూస్తాను.

నీరుగంటి | అనంతపురం (ప్రస్తుతం ఫ్రిస్కోలో అబ్బాయి దగ్గర)

నన్నూ కూడా తీసుకెళ్ళండి బాబూ. గడ్డి కోసి ఉంచమని చెప్పండి.